మారికుప్పములో బంగారపు లెక్క, కూలి లెక్క

కోలారు బంగారు గనుల మాట వచ్చినపుడు ఎంత లోతు త్రవ్విరి, ఎంత బంగారము తీసిరి అని అడుగువారే ఎక్కువ. త్రవ్వినవారి చేతికేమి వచ్చెనని అడుగువారు అరుదు. మారికుప్పము, చాంపియన్ రీఫ్, ఊరుగాము లైన్లలో తరతరములుగా కాపురమున్న తెలుగు కుటుంబములకు ఈ రెండవ ప్రశ్నయే ముఖ్యమైనది. మన ఇండ్ల చరిత్ర చాలవరకు జీతపు చరిత్రయే.

1880లో జాన్ టేలర్ కంపెనీవారు ఇచ్చట ప్రవేశించిరి. కొలది యేండ్లలోనే మైసూరు గనిలో సమృద్ధియైన బంగారు పొర దొరకెను. 1894లో బౌరింగుపేటనుండి మారికుప్పమునకు రైలుదారి పడెను. 1902లో శివనసముద్రమునుండి విద్యుత్తు వచ్చెను. యంత్రములు సీమనుండి వచ్చినవి. కూలిజనము చుట్టుప్రక్కల మెట్టసీమలనుండి వచ్చిరి. నాటి లెక్కలలో వీరిలో అనేకులు ఉత్తర ఆర్కాడువారని కనబడుదురు. చిత్తూరు, పలమనేరు తాలూకాలు 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడువరకు ఉత్తర ఆర్కాడులోనివే. కావున ఆ పేరు క్రింద తమిళ సోదరులతోబాటు మన పెద్దలును దాగియున్నారు.

నాటి కూలి చాలమందికి కంపెనీనుండి నేరుగా అందునది కాదు. కంపెనీ పనిని కంట్రాక్టరున కప్పగించును. కంట్రాక్టరు మేస్త్రీలద్వారా పల్లెలనుండి జనమును రప్పించును. ముందిచ్చిన బయానా కూలిలో విరుగును. ఇన్ని మెట్లు దిగి వచ్చునప్పటికి మిగులునవి కొన్ని అణాలే. అయినను వాన లేని యేట పల్లెవానికి ఆ అణాలే దిక్కు. బంగారము వెల లండనులో నిర్ణయమైనది; కూలి వెల పల్లెలోని ఆకలినిబట్టి నిర్ణయమైనది.

ఈ స్థితి తనంతట తాను మారలేదు. 1930లో వేలిముద్రల నమోదును నిరసించుచు కార్మికులు సమ్మె కట్టిరి. అది కూలికొరకైన పోరాటము కాదు, మర్యాదకొరకైనది. తరువాతి దశకములో కార్మిక సంఘములు బలపడెను. 1946 నవంబరు 4న జరిగిన పోలీసు కాల్పులలో ఆరుగురు కార్మికులు ప్రాణములు గోల్పోయిరి. జీతము, కరవు భత్యము, బోనసు అను మాటలను మనము నేడు తేలికగా పలుకుచున్నాము. వాని వెనుక ఈ నెత్తురు కలదని మరువరాదు.

1956లో మైసూరు ప్రభుత్వము గనులను స్వాధీనపరచుకొనెను. 1957 ఏప్రిల్ 1నుండి అణాలు పోయి నయాపైసలు వచ్చెను. 1962లో గనులు కేంద్ర ప్రభుత్వము చేతికి పోయెను. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ ఏర్పడెను. అయితే బంగారపు లెక్క మరల అడ్డువచ్చెను. 1934లో అమెరికా నిర్ణయించిన ఔన్సుకు 35 డాలర్ల వెలయే అంతర్జాతీయపు లెక్కగా చిరకాలము నిలిచెను. కేంద్రమువారు ఆ లెక్క చొప్పుననే ఇచ్చటి బంగారమును తీసికొనిరి. దేశపు అంగడిలో వెల అంతకంటె మిక్కిలి హెచ్చు. కార్మికుడు బియ్యము కొనినది అంగడి ధరకు. అతడు తీసిన బంగారము పోయినది లెక్క ధరకు.

ఇదే ఊరిలో మరియొక జీతమును మనవారు చూచిరి. 1964లో స్థాపితమైన భారత్ ఎర్త్ మూవర్స్ సంస్థ, అనగా మన బెమెల్, ఇచ్చటి కర్మాగారములో బుల్డోజర్లు మొదలగు భారీ యంత్రములను తయారుచేయసాగెను. తండ్రి భూమిక్రింద, కొడుకు యంత్రశాలలో పనిచేసిన ఇండ్లు గలవు. బుల్డోజరుకు వెల కట్టునపుడు ఇనుముతోబాటు కూలియు అందు చేరును. గనిలో అట్లు కాదు. లోతు పెరిగినకొలది నీరు తోడుటకును, గాలి చల్లబరచుటకును, రాయి పైకి తెచ్చుటకును ఖర్చు పెరుగును. వెల మాత్రము ఇతరుల చేతిలోనిది. తుదకు గని మూడు కిలోమీటర్లు దాటి దిగెను. రాతిలో బంగారము పలుచనయ్యెను. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడెను. ఆ నష్టమునకు జీతములే కారణమను మాట మనము వినియున్నాము. పై లెక్క చూచినవారు ఆ మాట నంగీకరింపజాలరు.

నేడు మారికుప్పము స్టేషనులో తెల్లవారుజామున బెంగుళూరు బండి ఎక్కు యువకులు మరల జీతముకొరకే బయలుదేరుచున్నారు. వారికి మనమీయదగిన ఆస్తి యొకటి కలదు. ఇండ్లలో పెట్టెల అడుగున పడియున్న పాత పే స్లిప్పులను, సర్వీసు కాగితములను పారవేయక భద్రపరుపుడని కుటుంబములవారి నెల్లర ప్రార్థించుచున్నాము. బంగారపు లెక్క ప్రభుత్వముల వద్ద నున్నది. కూలి లెక్క మన పెట్టెలలోనే మిగిలియున్నది.