గూడు విడిచిన పక్షి

పెంపుడు పక్షి యెగిరిపోయిన యింట సాధారణముగా ఒక మాట వినబడును: "ఇంతకాలము పెట్టి పోషించితిమి, విశ్వాసము లేని పక్షి." అదియే సాయంకాలమునకు తిరిగివచ్చెనా, "ఎంత విశ్వాసము!" అని ముచ్చటపడుదురు. ఈ నిందయు, ఈ మెప్పును పక్షి స్వభావము నెఱుగక పలికినవియే. ఏ పక్షి తిరిగివచ్చును, ఏది రాదు, ఎందువలన రాదు అను ప్రశ్నల వెనుక పెద్ద చరిత్ర గలదు. మాదాపురము మొదలు గచ్చిబౌలి వరకు లేచిన నూతన భవనములలో అనేక కుటుంబములు బాల్కనీలయందు పక్షిశాలలు కట్టుకొనుచున్న యీ కాలమున, ఆ చరిత్రను చదువరుల కెఱిగింపవలెనని మాకు తోచినది.

తిరిగివచ్చు పక్షులలో పావురము మొదటిది. అది పుట్టుకచే కొండచఱియల పక్షి. రాతి నెఱ్ఱెలలో గూడు పెట్టుకొని, మేతకై దూరముపోయి, మరల ఆ గూటికే చేరుకొనును. ఆడుపక్షియు మగపక్షియు గూడ తమ కంఠమునందలి సంచిలో నూరు పాలవంటి పదార్థముతో పిల్లలను పెంచును. వేయి బండలలో తన బండను గుర్తింపలేని పావురమునకు సంతానము దక్కదు. కావున ఇంటి దారి తెలియుట దానికి జీవనాధారము. మానవుడు వేల యేండ్ల క్రిందట ఈ గుణమును గనిపెట్టి, కొండ నెఱ్ఱెకు బదులు తన గోడలో గూడు కట్టియిచ్చెను. పావురము దానినే తన కొండగా భావించెను.

ఈ పక్షిపై రాజులకుండిన మోజు ఇంతంత గాదు. ఫర్గానా రాజ్యము నేలిన ఉమర్ షేక్ మీర్జా, అనగా బాబరు తండ్రి, 1494 లో లోయ యంచున నున్న పావురముల గూడు కూలగా దానితోగూడ పడి మరణించెను. అక్బరు కొలువున ఇరువదివేలకు మించి పావురములుండెనని అబుల్ ఫజలు వ్రాసినాడు. పావురముల నెగురవేయు వినోదమునకు ఆ చక్రవర్తి పెట్టిన పేరు "ఇష్క్‌బాజీ", అనగా ప్రేమక్రీడ. హైదరాబాదు పాతబస్తీ మిద్దెలపై నేటికిని సాగుచున్న కబూతర్‌బాజీ ఆ సంప్రదాయములోనిదే. గుంపును ఆకాశమున కెగురవేసి, ఈల వేసి, గింజలు చూపి దింపుకొందురు. పొరుగు మిద్దె గుంపుతో కలిసినపుడు ఎవరి పక్షి యెవరి గూటికి దిగునో యనునదే పందెము. క్రొత్తగా కొన్న పెద్దపక్షిని పోషకులు వెంటనే విడువరు. విడిచినచో అది యమ్మినవాని యింటికే పోవును గదా! వెల యెవరిచ్చిరో పావురము లెక్కింపదు. తాను పెరిగిన చోటే దాని కిల్లు.

ఇంటి దారి దాని కెట్లు తెలియుచున్నదని శాస్త్రజ్ఞులు చిరకాలము పరిశోధించిరి. 1971 లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున విలియం కీటన్ అను పండితుడు పావురముల వీపున చిన్న అయస్కాంతముల నంటించి విడిచెను. ఎండ కాయు దినములలో అవి దిక్కు తప్పలేదు. మబ్బు క్రమ్మిన దినములలో తడబడినవి. సూర్యుని జూచియు, సూర్యుడు కానరానప్పుడు భూమి యయస్కాంత శక్తిచేతను దిక్కు నెఱుగునని దీనివలన ఊహించిరి. 1972 లో ఇటలీయందలి పీసా నగరమున ఫ్లోరియానో పాపియు, ఆయన సహచరులును వాసన గూడ త్రోవ చూపునని తెలిపిరి. తెలిసిన ప్రాంతమునకు వచ్చిన పిమ్మట పెద్ద బాటల వెంబడి యెగురుటయు గలదని 2004 లో ఆక్స్‌ఫర్డు పరిశోధకులు ప్రకటించిరి.

మన పొరుగున ఒడిశాలో ఈ గుణమే ప్రభుత్వమునకు తపాలాగా నుపయోగపడినది. 1946 లో సైన్యము రెండువందల పావురముల నీయగా, తెలుగుదేశపు సరిహద్దున నున్న కోరాపుట్ జిల్లాలో పోలీసువారు వార్తాసేవను ప్రారంభించిరి. 1948 లో నెహ్రూ సంబల్పూరునుండి కటకమునకు పావురము చేత వర్తమానము పంపెను. కొన్ని పక్షులకు ఒకచోట మేతయు, మఱియొకచోట వసతియు నేర్పి, రెండు చోట్ల నడుమ రాకపోకలు చేయించిరి. తుఫానులలో తంతులు తెగినపుడును ఈ వార్తాహరులు పనిచేసినవి. నూతన సాధనములు వృద్ధిపొందగా ఆ సేవ ముగిసినది.

ఇక చిలుక మాట. ఇది పావురమువంటిది గాదు. చెట్టు తొఱ్ఱలో పుట్టి, గుంపుతో తిరిగి, పండ్లున్న తోటల వెంట పోవునది. గువ్వకు గూడిచ్చిన మానవుడు చిలుకకు గూడిచ్చుట లేదు. తొఱ్ఱలోని పిల్లను పెఱికి తెచ్చుచున్నాడు. ఈ యన్యాయము మన పూర్వుల మనస్సును బాధింపక పోలేదు. హైటెక్ సిటీకి కొద్ది మైళ్ల దూరముననే గోలకొండ కోట గలదు. తానీషా ప్రభువు కాలమున భద్రాచల రామదాసు చెఱనుండిన స్థలమును అచ్చట నేటికిని చూపుదురు. పూర్వజన్మమున ఒక చిలుకను పండ్రెండేండ్లు పంజరమున నుంచిన పాపమునకే ఆయనకు పండ్రెండేండ్ల చెఱ ప్రాప్తించెనని మన పెద్దలు చెప్పుదురు. ఇది చరిత్రకారుడు నిరూపింపగల విషయము గాదు. అయినను పంజరమును కారాగారముతో సమముగా తూచిన ఆ ధర్మబుద్ధి మెచ్చదగినది. వింత యేమన, ఈ కథను చెప్పు నిండ్లలోనే వసారాలో పంజరము వ్రేలాడుచుండెడిది! 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, దాని సవరణలును మన దేశపు చిలుకలను పట్టుటను, అమ్ముటను, పెంచుటను నేరముగా నిర్ణయించినవి. తాతలు కథగా చెప్పినదానిని నేటికి శాసనము విధించుచున్నది.

అంగడివారు "లవ్‌బర్డ్స్" అని యమ్ము చిన్న రంగుపక్షులలో పెక్కు ఆస్ట్రేలియాకు చెందిన బడ్జరీగరులు. వీనిని 1840 లో జాన్ గూల్డ్ అను పక్షిశాస్త్రజ్ఞుడు ప్రాణములతో ఇంగ్లండునకు గొనిపోయెను. ఇవి స్వదేశమున వాన కురిసిన దిక్కునకు గుంపులుగా తరలిపోవు సంచారజీవులు. ఒక స్థలమును ఇల్లని తలచి దూరమునుండి వెదకుకొని వచ్చుట వీని జాతిధర్మము గాదు. పక్షిశాల తలుపు తెఱచియుండి ఎగిరిపోయినది, ఎత్తయిన భవనముల నడుమ గాలికి కొట్టుకొనిపోయి, కాకులకో గద్దలకో చిక్కును. వచ్చినచో తన జోడు పిలుపు విని వచ్చును.

ఇప్పుడు హైటెక్ సిటీని చూతము. 1998 నవంబరులో ప్రధానమంత్రి వాజపేయి సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించెను. పిమ్మట చుట్టుపట్ల రాతిగుట్టలెన్నో పిండియై, వాని చోట అద్దపు మేడలు లేచినవి. ఏనాడో గూళ్లనుండి తప్పించుకొన్న పెంపుడు పావురముల సంతతియే నగరముల పావురములలో విశేషభాగము. వానికి ఈ మేడల అంచులును, ఏసీ యంత్రముల వెనుక సందులును మరల కొండచఱియలైనవి. మనము వలలు కట్టి వానిని తఱుముచున్నాము. వాని రెట్ట దుమ్ము ఊపిరితిత్తులకు హాని చేయుననుట సత్యమే. వల కట్టుటను మేము తప్పుపట్టము. కాని మన గోడను ఇల్లని దానికి నేర్పినది మన పూర్వులే. సంక్రాంతికి సొంత యూరు చేరుటకై బస్సులలో నిలుచుండి పోవు ఈ ప్రాంతపు ఉద్యోగులకు ఇంటి మీది మమకార మెట్టిదో వేఱుగా చెప్పనేల?

కావున గృహస్థులకు మా మనవి యిది. వల కట్టుటకు ముందు లోపల గ్రుడ్లు గాని పిల్లలు గాని కలవేమో చూడుడు. రెక్కలు చిక్కుకొనునట్లు వదులుగా కట్టకుడు. అంచులపై గింజలు చల్లి పిలిచి, పిమ్మట పావురములు పెరిగినవని విసుగుకొనకుడు. రంగుపక్షులను పెంచువారు పక్షిశాలకు ఒకదాని వెనుక నొకటిగా రెండు తలుపులు పెట్టింపుడు. ఒకటి తప్పిపోయినచో, జోడుపక్షి యున్న పంజరమును బయట కనబడునట్లు వ్రేలాడదీసి, అలవాటైన మేత నుంచి, ఉదయమును సాయంకాలమును వేచియుండుడు. పంజరమున రామచిలుక యున్నవారు దానిని ఒక్కసారిగా గాలిలోనికి విడువకుడు. ఏండ్ల తరబడి చేతిమేత తిన్న పక్షికి అడవిలో తిండి వెదకుకొనుట తెలియదు, అటవీశాఖవారి కప్పగింపుడు. వచ్చిన పక్షిని ఆదరింపుడు. రాని పక్షిని మాత్రము విశ్వాసఘాతుక మని నిందింపకుడు. దాని యింటినుండి దానిని తెచ్చినవారము మనమే గదా!