ఓడిన జట్టుకు రెండో అవకాశం: హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్ర చెప్పే పోటీ న్యాయం

ఉపోద్ఘాతం:
నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బు సిపాయిల నివాసంగా ఏర్పడిన బస్తీ బార్కస్. ‘బ్యారక్స్’ అన్న ఆంగ్లపదమే జనవ్యవహారంలో ఈ పేరుగా మారింది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చినవారి సంతతి నేటికీ అక్కడ ఉన్నది. ఫుట్‌బాల్ ఆ బస్తీకి ప్రీతిపాత్రమైన ఆట. మైదానం ఒకటే, రోజులు కొన్నే అయినచోట ఔత్సాహిక పోటీలకు నాకౌట్ పద్ధతి సులువు. అయితే అందులో ఒక్కసారి ఓడిన జట్టు ఇంటిదారి పట్టవలసిందే. ఇది అన్ని జట్లకూ న్యాయమేనా అన్న ప్రశ్నకు హైదరాబాదీ శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్ జీవితచరిత్రలో సమాధానం లభిస్తుంది.

రహీమ్ జట్ల అనుభవం:
వృత్తిరీత్యా ఉపాధ్యాయుడైన రహీమ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోని భారత జట్టు 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1–10 తేడాతో ఓడి, ఒక్క ఆటతోనే వెనుదిరిగింది. 1956 మెల్‌బోర్న్‌లో హంగరీ తప్పుకోవడంతో ఆడకుండానే క్వార్టర్ ఫైనల్ చేరి, చివరకు నాలుగో స్థానం పొందింది. రెండూ నాకౌట్ పోటీలే. ఒకచోట తొలి ప్రత్యర్థి బలం, మరొకచోట ప్రత్యర్థి గైర్హాజరు జట్టు గతిని నిర్ణయించాయి.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో 8 జట్లను రెండు గ్రూపులుగా విభజించారు. భారత్ తొలి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓడింది. తర్వాత థాయిలాండ్, జపాన్‌లపై గెలిచి సెమీఫైనల్ చేరింది. ఫైనల్‌లో అదే కొరియాను 2–1తో ఓడించి స్వర్ణం సాధించింది. నాకౌట్ అయివుంటే ఆ జట్టు కథ తొలిరోజే ముగిసేది.

న్యాయానికి అయ్యే ఖర్చు:
8 జట్ల నాకౌట్‌కు 7 ఆటలు చాలు. ప్రతి జట్టూ ప్రతి జట్టుతో ఆడే లీగ్‌కు 28 కావాలి. రెండు గ్రూపులు, సెమీఫైనళ్లు, ఫైనల్ కలిపితే 15. రోజుకు రెండు ఆటల చొప్పున నాకౌట్‌కు 4, గ్రూపు పద్ధతికి 8, లీగ్‌కు 14 రోజులు పడతాయి. అదనంగా నాలుగు రోజులు వెచ్చిస్తే ప్రతి జట్టుకూ కనీసం మూడు ఆటలు దక్కుతాయి.

గ్రూపు పద్ధతి కూడా నిర్దోషం కాదు. 1982 ప్రపంచకప్‌లో అల్జీరియా తన చివరి ఆటను ముందురోజే ముగించింది. తమకు కావలసిన ఫలితమేదో తెలిసి బరిలో దిగిన పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా 1–0 స్కోరుతో రెండూ ముందంజ వేయగా అల్జీరియా నిష్క్రమించింది. అందుకే 1986 నుంచి గ్రూపు చివరి ఆటలను ఏకకాలంలో జరుపుతున్నారు. ఒకే మైదానం ఉన్న బస్తీకి అది సాధ్యం కాదు. అక్కడ చివరి ఆటల వరుసను చీటీ తీసి నిర్ణయించడం, పాయింట్లు సమానమైతే పాటించే నియమాన్ని పోటీకి ముందే ప్రకటించడం ఆ లోపాన్ని పూర్తిగా తొలగించకపోయినా, పక్షపాతపు అనుమానానికి తావివ్వవు.

ముగింపు:
పోటీ పద్ధతి కేవలం నిర్వహణ సౌకర్యానికి సంబంధించినది కాదు. ఏ ఓటమిని అంతిమంగా పరిగణించాలో అదే నిర్ణయిస్తుంది. జకార్తా స్వర్ణం రహీమ్ శిక్షణకు ఎంత నిదర్శనమో, ఓడిన జట్టుకు మళ్లీ ఆడే వీలు కల్పించిన పద్ధతికీ అంతే నిదర్శనం.