మచిలీపట్నం బాట మీద ఒక సరాయి

విజయవాడ హైవే వదిలి హయత్‌నగర్ పాత ఊళ్లోకి వెళ్తే ఎత్తయిన అరుగు మీద ఐదు కమానుల మసీదు ఎదురవుతుంది. దాని ఆవరణ చుట్టూ వందకు పైగా కమాను గదులు వరసగా ఉన్నాయి. అవి బాటసారుల బస. గోల్కొండ సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్ షా తల్లి హయాత్ బక్షీ బేగం పేరు మీదే ఊరూ, సరాయీ వెలిశాయి.

హైదరాబాదు నుంచి మచిలీపట్నం రేవుకు పోయే బాట ఇది. ఆ రేవులో ఇంగ్లీషువాళ్లు 1611లోనే వర్తక స్థావరం పెట్టుకున్నారు. బట్టల మూటలు ఎద్దుల మీద, బండ్ల మీద సాగేవి. పొద్దుగూకేసరికి మనిషికి నీడ, పశువుకు నీళ్లు దొరకాలి. అందుకే గదులతో పాటు హాథీ బావోలి అనే పెద్ద బావి కూడా ఉంది.

నగరం చేరినా బయట ఆగక తప్పేది కాదు. ఉప్పు, పొగాకు రాజుకు ముఖ్య ఆదాయం కాబట్టి వచ్చినవాళ్ల దగ్గర అవి ఉన్నాయేమోనని సిపాయిలు సోదా చేసేవారనీ, అనుమతికి ఒక్కోసారి ఒకటి రెండు రోజులు పట్టేదనీ ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే రాశాడు. శివార్లలోని రెండు మూడు మసీదులు పరదేశులకు సరాయిలుగా ఉపయోగపడేవట. 1666 ప్రాంతంలో వచ్చిన మరో ఫ్రెంచి యాత్రికుడు తెవెనో, చెట్లూ నీటి తొట్టీ ఉన్న నలుచదరపు నిమతుల్లా సరాయిని మెచ్చుకున్నాడు.

నడుమ ఖాళీ ఆవరణ, చుట్టూ గదులు, నమాజుకూ నీటికీ చోటు: ఈ పద్ధతి టర్కీలోనూ కనిపిస్తుంది. ఒట్టోమన్ సుల్తాన్ రెండో బాయెజీద్ 1491లో బుర్సాలో కట్టించిన కోజా హాన్ రెండంతస్తుల పట్టు సరాయి. దాని ముంగిట నడుమ నీటి తొట్టి, దానిపైన చిన్న మసీదు. అక్కడ గదులే ప్రధానం, మసీదు చిన్నది. హయత్‌నగర్‌లో మసీదే పెద్దది, గదులు దాని ప్రహరీలా ఒదిగాయి. పోలిక వింతేమీ కాదు. కుతుబ్ షాహీల మూలపురుషుడు సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ నుంచి వచ్చిన తుర్కమాను.

గోల్కొండ దగ్గరి షేక్‌పేట సరాయిది మరో తీరు. రెండంతస్తుల్లో గదులు, గుర్రాలకూ ఒంటెలకూ సాలలు, పక్కన మసీదు.

1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైంది. తర్వాతి కాలంలో మద్రాసు ఎదిగి, మచిలీపట్నం జోరు తగ్గింది. సరాయి ఆలోచన మాత్రం నిలిచింది: 1919లో ఏడో నిజాం కాలాన నాంపల్లి రైల్వే స్టేషనుకు ఎదురుగా, ఈసారి రైలు దిగేవాళ్ల కోసం, మరో సరాయి లేచింది.