జీవ లయల పరిశోధన: నైతిక ప్రమాణాలు

నిద్ర, ఒంటి వేడి, హార్మోన్ల హెచ్చుతగ్గులు దాదాపు 24 గంటలకోసారి తిరిగొస్తాయి. ఈ జీవ లయలను మనుషుల్లో, జంతువుల్లో పరిశోధించేవారు పాటించాల్సిన కట్టుబాట్లివి. మనుషులపై జరిగే వైద్య పరిశోధనలన్నిటికీ వర్తించే 1964 నాటి హెల్సింకీ ప్రకటన వీటికీ ఆధారమే. ఈ రంగానికే ప్రత్యేకమైన నియమాలను పోర్టలుప్పి, స్మొలెన్‌స్కీ, తువిటు అనే పరిశోధకులు 2010లో ‘క్రోనోబయాలజీ ఇంటర్నేషనల్’ పత్రికలో వివరించారు.

ఫ్రెంచి భూగర్భ శాస్త్రజ్ఞుడు మిషెల్ సిఫ్ర్ 1962లో గడియారం లేకుండా స్కారసన్ గుహలోకి దిగి రెండు నెలలు గడిపాడు. సెప్టెంబరు 14న గడువు ముగిసేసరికి ఆయన లెక్కలో అది ఆగస్టు 20. తన మీద తానే చేసుకున్న ప్రయోగం కనుక సమ్మతి ఎవరినీ అడగనక్కర్లేకపోయింది. వేరొకరిని దింపితే కథ వేరు. టైమెంతో తెలియనివ్వకపోవడమే ప్రయోగమైనా, ఆ దాపరికం సంగతి ముందే చెప్పి సంతకం తీసుకోవాలి. వెళ్లిపోతానన్న క్షణంలో తలుపు తీయాలి. జీవ లయను కొలవడానికి వాడే మెలటోనిన్ హార్మోను రక్తంలోనే కాదు, ఉమ్మిలోనూ దొరుకుతుంది. అది చాలినచోట రాత్రంతా సూదులు పొడవడం అనవసరం.

జంతువుల విషయంలో చిక్కు మరోలా ఉంటుంది. ఎలుక నిశాచరి. మధ్యాహ్నం దానిపై పరీక్ష పెట్టడమంటే మనల్ని అర్ధరాత్రి లేపి లెక్కలు చేయమన్నట్టే. ఒక అవయవంలో లయ తెలుసుకోవడానికి నాలుగు గంటలకోసారి, విడతకు ఆరేసి ఎలుకలను చంపితే రోజుకు 36 పోతాయి. వేళ రాసుకోకపోతే అవన్నీ వృథా. అందుకే ఈ శాస్త్రంలో పద్ధతి లోపాన్ని కూడా నీతి లోపంగానే చూడాలి. వెలుగు తీవ్రత, దీపాలు వెలిగే, ఆరే వేళలు, గది ఉష్ణోగ్రత, మేత వేసే సమయం పరిశోధన వ్యాసంలో ఉండాల్సిందే. ఎలుక కదలికలను నమోదు చేసే పరుగుచక్రంతో పని జరిగేచోట, చంపకుండా ఒకే ఎలుకను వారాల తరబడి గమనించవచ్చు. జంతువుల సంఖ్య తగ్గించాలని రస్సెల్, బర్చ్ 1959లోనే చెప్పారు. భారత్‌లో ఇలాంటి ప్రయోగానికి సంస్థలోని జంతు నైతిక సంఘం అనుమతి తప్పనిసరి.

అనుమతి ఉన్నా చిన్న పొరపాటు చాలు. నిరంతర చీకటిలో పెట్టిన ఎలుకల గది తలుపు ఎవరో తెరుస్తారు, వరండాలోని ట్యూబ్‌లైటు వెలుగు కాసేపు బోనుల మీద పడుతుంది. అంతమాత్రానికే వాటి శరీరంలోని గడియారం ముందుకో వెనక్కో జరిగిపోవచ్చు. ఆ సంగతి దినచర్య పుస్తకంలోకి ఎక్కకపోతే ఫలితాల తేడా ఎక్కడిదో ఎవరికీ అంతుపట్టదు. మళ్లీ కొత్త ఎలుకలు తెస్తారు.