నేపుల్సు వాడలలో పిజ్జా

నేడు మన పిల్లలకు పిజ్జా వలె పరిచితమైన పరదేశపు వంటకము మరియొకటి లేదు. అయినను అది పుట్టిన వాడల దారిద్ర్యమును ఎరిగినవారు అరుదు.

ఇటలీ దక్షిణ భాగమున, వెసూవియసు అగ్నిపర్వతమునకు చేరువలో నేపుల్సు నగరము గలదు. పిజ్జా అను మాట ఆ ప్రాంతమున అతి ప్రాచీనము. గయేతా పట్టణమునకు చెందిన క్రీ.శ. 997 నాటి ఒక కౌలు పత్రమున, పిండిమర కౌలుదారు క్రిస్మసుకు పండ్రెండు, ఈస్టరుకు పండ్రెండు పిజ్జాలు సమర్పింపవలెనని వ్రాయబడినది. నాటిది టమాటా లేని పిజ్జా. టమాటా 16వ శతాబ్దిలో అమెరికా నుండి స్పెయిను వారి మూలమున ఐరోపా చేరెను. మన దేశమునకును అది సముద్రము దాటియే వచ్చి, కళింగాంధ్రమున రామములగ అను పేరు దాల్చెను.

19వ శతాబ్దిలో నేపుల్సు పేదలు ఇరుకు గదులలో కిక్కిరిసి జీవించెడివారు. వారికి వాడలోని పిజ్జా అంగడియే వంటిల్లు. 1884లో నగరమున కలరా వేల ప్రాణములను బలిగొన్న సమయమున, మతిల్దే సెరావో అను రచయిత్రి ఈ అంగళ్లను కన్నులకు కట్టినట్లు వర్ణించెను. రాత్రి కాల్చిన పిజ్జాలను ముక్కలుగా కోసి, ముక్క ఒక సోల్దో చొప్పున అమ్ముటకు ఒక కుర్రవానికి అప్పగించెడివారు. అవి పగలంతయు చలికి గట్టిపడుచు, ఎండకు పసుపెక్కుచు, ఈగలకు ఆహారమగుచు చిన్న బల్లపై పడియుండెడివి. అదియే అనేకుల ఫలహారము.

సొమ్ము లేనివారికి 'పిజ్జా ఆ ఒట్టో' ఉండెడిది. ఒట్టో అనగా ఎనిమిది; నేడు తిని ఎనిమిదవ నాడు చెల్లించు పద్ధతి. ఫ్రెంచి రచయిత అలెగ్జాండరు డ్యూమా 1843లో దీనిని ఎనిమిది దినముల పాచి పిజ్జాగా అపార్థము చేసికొనెను. వీధి కొట్టులో ఖాతా పెట్టి సరకు తెచ్చుకొనిన మనవారెవరును ఇట్లు పొరబడి యుండరు.

సెరావో చెప్పిన మరియొక వృత్తాంతము రాజధానిలో ఉద్యోగము చేయువారికి సులభముగా బోధపడును. రోములో నేపుల్సు వారు పెక్కుమంది గలరని తలచి ఒకడు అచట పిజ్జా అంగడి తెరచెను. మొదట స్వస్థలపు రుచికై జనము మూగిరి. క్రమముగా పరస్థలమున ఆ వంటకము పొసగక, అంగడి మూతపడెను.

ఇతర ప్రాంతముల ఇటాలియనులకు పిజ్జా మరింత రోత. పినోకియో కథ వ్రాసిన కొల్లోది 1886లో దానిని, అమ్మువాని మురికికి తగిన మురికి పదార్థముగా నిందించెను. మూడేండ్లకే, 1889 జూనులో, రఫయేలే ఎస్పొజితో అను వంటవాడు రాణి మార్గెరీతాకు టమాటా, మొజరెల్లా జున్ను, తులసి జాతి ఆకులతో పిజ్జా చేసి పెట్టెననియు, దానికి ఆమె పేరు వచ్చెననియు ప్రతీతి. రాజగృహము నుండి వచ్చినట్లు చూపు ప్రశంసాలేఖపై గల ముద్రయు దస్తూరియు నమ్మదగినవి కావని ఇటీవలి పరిశోధకులు శంకించిరి. అట్టి పిజ్జా అంతకు పూర్వమే వీధులలో ఉండెను. అయినను ఈ కథ నిలిచినది; ఈసడింపబడిన జనులకు అట్టి కథ అవసరమై యుండెను.

2017లో యునెస్కో మానవజాతి సాంస్కృతిక వారసత్వముగా గుర్తించినది నేపుల్సు పిజ్జా వంటవారి విద్యను. ముద్దను చేతితో సాగదీసి, కట్టెల పొయ్యిలో నిమిషము, నిమిషమున్నరలో కాల్చు ఆ నేర్పును వారు నేటికిని తండ్రుల వద్దను, అంగళ్లలోని పెద్దల వద్దను అభ్యసించుచున్నారు.