పటాకుల చప్పుడుకి ఉలిక్కిపడుతున్న మాజీ సైనికులు.. పీటీఎస్‌డీకి చికిత్స ఉంది, ఎక్కడికెళ్లాలంటే?

నాగారం: దీపావళి వచ్చిందంటే కొందరు మాజీ సైనికులు తలుపులు బిగించుకుని లోపలే ఉండిపోతారు. రాత్రుళ్లు నిద్రలో అరుస్తారు, చిన్న మాటకే చెయ్యెత్తుతారు. ఇంట్లోవాళ్లేమో ‘మిలిటరీ మనిషి కదా, కోపం మామూలే’ అని సరిపెట్టుకుంటారు. ఇది స్వభావం కాకపోవచ్చు. యుద్ధ భయం మనసులో ఉండిపోయి వచ్చే జబ్బు, పీటీఎస్‌డీ కావొచ్చు. చూసిన ఘోరం మళ్లీ మళ్లీ కళ్లముందుకు రావడం, దాన్ని గుర్తుచేసే వాటికి దూరంగా తిరగడం, ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టు ఉండటం దీని లక్షణాలు. నెల దాటినా తగ్గకపోతే డాక్టర్‌కి చూపించాల్సిందే.

మొదటి ప్రపంచ యుద్ధంలో దీన్ని ‘షెల్ షాక్’ అన్నారు. 1915లో చార్లెస్ మైయర్స్ అనే డాక్టర్ ఆ పేరుతో లాన్సెట్ పత్రికలో రాశారు. అయినా చాలామంది దాన్ని పిరికితనంగానే చూశారు. పారిపోయారని, పిరికితనం చూపారని బ్రిటన్ కాల్చి చంపిన సైనికుల్లో 306 మందికి 2006లో గానీ క్షమాపణ దక్కలేదు. పీటీఎస్‌డీ అన్న పేరు వైద్య పుస్తకాలకెక్కింది 1980లో.

చికిత్సలో ముఖ్యమైనది మాటలతో చేసేదే. శిక్షణ ఉన్న సైకాలజిస్ట్ ఆ సంఘటనను భద్రమైన చోట కొద్దికొద్దిగా చెప్పిస్తారు. సాధారణంగా వారానికొకటి చొప్పున 8 నుంచి 15 సిట్టింగులు పడతాయి. మొదట్లో బాధ పెరిగినట్టు అనిపిస్తుంది, చాలామంది అక్కడే మానేస్తారు. సెర్ట్రలిన్, పారాక్సిటిన్ లాంటి మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మెడికల్ షాపులో నిద్రమాత్రలు కొనుక్కోవడం, క్యాంటీన్ రమ్ముతో నిద్రపోవడం మాత్రం జబ్బును ముదరబెడతాయి.

నాగారం, సైనిక్‌పురి వైపు ఉండే మాజీ సైనికులు ఈసీహెచ్‌ఎస్ కార్డుతో ముందు పాలీక్లినిక్‌కి వెళ్లాలి. అక్కడ రెఫరల్ రాస్తే తిరుమలగిరి మిలిటరీ ఆస్పత్రికో, ప్యానెల్‌లో ఉన్న ప్రైవేటు ఆస్పత్రికో పంపుతారు. కార్డు లేనివాళ్లకు ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఉంది. పేరు చూసి సిగ్గుపడేవాళ్లు ఇంకా ఉన్నారు, అనవసరం. టెలి మానస్ నంబర్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు. సైనికులు, వాళ్ల కుటుంబాల కోసం ఇందులో ప్రత్యేక విభాగాన్ని 2023 డిసెంబర్‌లో పుణె సైనిక వైద్య కళాశాలలో మొదలుపెట్టారు.

పెన్షన్ సంగతి కూడా ఉంది. జబ్బు సర్వీసు వల్ల వచ్చిందనో, ముదిరిందనో తేలితే వైకల్య పెన్షన్ అడగొచ్చు. చేరేటప్పుడు రికార్డులో జబ్బు రాసి లేకపోతే, అది సర్వీసు వల్ల కాదని చూపాల్సింది ప్రభుత్వమేనని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే మెడికల్ బోర్డు కాగితాలు, డిశ్చార్జి బుక్ పారేయొద్దు.