కలసిన కంఠములను వేఱుచేయు విద్య



బడిలో పిల్లలందఱు నొక్కపెట్టున పాఠము వల్లించుచున్నను ఉపాధ్యాయుడు ఒక్కని తప్పును పట్టగలడు. పెక్కేండ్లు నేనట్లు వింటిని. చెవికి సహజమగు నీ విద్యను యంత్రమున కెట్లు నేర్పిరో నేడు మనవి చేసెదను.

ఈ విషయమును శాస్త్రపరీక్షకు దెచ్చినవాడు ఇంగ్లండు దేశస్థుడగు కోలిన్ చెర్రీ. ఒకే మనిషి చదివిన రెండు ప్రసంగములను కలిపి యతడు శ్రోతలకు వినిపించెను. వారు మిక్కిలి ప్రయాసపడి, మరల మరల విని, ఒకదానిని వేఱుచేయగలిగిరి. చెఱియొక చెవికి చెఱియొక ప్రసంగము వినిపింపగా పని సులువయ్యెను. ఈ ఫలితములు 1953లో వెలువడెను.

యంత్రమునకు దారి చూపినది గణితము. ఫ్రాన్సు దేశమున గ్రెనోబుల్ నగరమునందు ఎరో, జుటెన్ అను పండితులు 1980 దశకమున నీ పనికి బూనిరి. 1994లో పియెర్ కోమోన్ దానికి గట్టి పునాది వేసెను.

వారి యుపాయము వినుడు. ఇద్దఱు మాటాడుచుండగా రెండు మైకులను రెండుచోట్ల నుంచినచో, రెండింటను ఇరువురి కంఠములును పడును. కాని పాళ్లు వేఱు. ఆ పాళ్లెంతయో మనకు దెలియదు. తెలిసిన దొక్కటియే: ఒకరి ధ్వని వేఱొకరి ధ్వనికి లోబడి నడువదు. కావున యంత్రము ఏవో పాళ్లను ఊహించి, ఒకదానినుండి వేఱొకదానిని తీసివేయును. మిగిలిన రెండింటికిని నడుమ సంబంధ మింకెంత గలదో లెక్కించును. అది తగ్గునట్లు పాళ్లను కొంచెము సవరించి మరల లెక్కించును. త్రాసుముల్లు నిలుచువఱకు గుండ్లు మార్చు వర్తకునివలె, ఇక తగ్గదనువఱకు నీ పని సాగును. కనిష్ఠమును వెదకు గణితమన నిదియే. ఈ తీరున బెల్, సెజ్నోవ్స్కీ అనువారు 1995లో పదిమంది కంఠముల మిశ్రమమును విడదీసిరి.

గోడల ప్రతిధ్వని చేరినచో లెక్క జటిలమగును. మైకు ఒక్కటియే యున్నచో ఈ యుపాయము చాలదు. యంత్రము ముందుగా ననేక ధ్వనులను విని వాని పోకడలను నేర్చుకొనవలెను. 1980లో మరణించిన ఆంగ్లగాయకుడు జాన్ లెనన్ ఇంట పాడి టేపున నుంచిన పాటలో పియానో మ్రోతయు కంఠమును పెనగొనియుండెను. అట్లు నేర్చిన యంత్రము వానిని విడదీయగా 2023లో ఆ పాట లోకమునకు వినవచ్చెను.

అయినను పెద్దలు గమనింపవలసిన దొకటి కలదు. ఎరో, జుటెన్‌ల విధానము కంఠములను వేఱుచేయునే గాని, ఏది యెవరిదో చెప్పదు. ఎవరెంత బిగ్గఱగా పలికిరో కూడ నిర్ణయింపజాలదు. రికార్డును సాక్ష్యముగా దెచ్చినప్పుడు దీనిని మఱువరాదు. పాలను నీటిని వేఱుచేయు హంస యంత్రము కావచ్చును. న్యాయనిర్ణయము మాత్రము మనుష్యునిదే.